పై డెక్కు ముందు సీటు

నవంబర్ 9, ఆదివారం. సికింద్రాబాద్

మధ్యాహ్నానికి దిగాం. లాడ్జి స్టేషనుకు దగ్గర్లోనే. మూడో అంతస్తు. లిఫ్టు ఉంది, పనిచేయదు. కిటికీ తెరిస్తే మోండా మార్కెట్ వైపు పోయే రోడ్డు, ఉల్లిగడ్డ మూటలతో కదలలేక కదిలే ట్రాలీ ఆటోలు.

కామారెడ్డిలో మందుల షాపు పెట్టిన తర్వాత వారం రోజుల పాటు షట్టర్ దించడం ఇదే మొదటిసారి. జనం నాకేదో అయిందనుకుంటారు. అనుకోనీ.

నా మొదటి భార్య స్వర్ణ చనిపోయిన ఏడాది డైరీ రాశాను. తర్వాత మానేశాను. మందుల కంపెనీవాళ్ళు ఇచ్చిన ఈ డైరీ షాపులో ఊరికే పడి ఉంటే సంచిలో వేసుకొచ్చాను. కారణమేమీ లేదు. సెలవులు కాబట్టి రాస్తున్నాను.

ఊరు చూపించే బస్సు పాస్ ఆలోచన నాదే. ఏడు రోజులు. బస్సు ఎన్నిసార్లయినా ఎక్కవచ్చు. చార్మినార్, సాలార్‌జంగ్, గోల్కొండ, జూ, అన్నింటికీ టికెట్టు అందులోనే. విడివిడిగా కొంటే అయ్యేదానిలో సగం. మెడలో వేసుకునే కార్డు, పసుపు తాడు. కల్పలత తన కార్డు కౌంటర్ దగ్గరే మెడలో వేసుకుంది. బస్సు రేపటి నుంచి కదా అంటే నవ్వింది.

పెళ్ళయి తొమ్మిది నెలలు. ఆమెకిది రెండో పెళ్ళి, నాకూ రెండోదే. ఆమె ముఖంలో ఇంత సంబరం ఎప్పుడూ చూడలేదు. నలభై నాలుగేళ్ళ మనిషి, స్కూల్లో పాఠాలు చెప్పిన మనిషి, పిక్నిక్‌కు బయలుదేరిన పిల్లలా ఉంది. బాగుంది. చూడటానికి బాగుంది.

నవంబర్ 10, సోమవారం

పొద్దున్నే జూకు పోదామనుకున్నాను. సోమవారం జూకు సెలవట. పాస్ అమ్మినవాడు చెప్పలేదు. కార్డు వెనక సన్న అక్షరాల్లో ఉంది, నిజమే. సన్న అక్షరాలు చదవడమే నా వృత్తి. అయినా చదవలేదు.

బస్సు రెండంతస్తులది, పైన కప్పు లేదు. పరేడ్ గ్రౌండ్ దగ్గర మొదలై ట్యాంక్‌బండ్ మీదుగా పాతబస్తీకి, అక్కడి నుంచి గోల్కొండకు, మళ్ళీ ఇక్కడికి. ఎక్కడైనా దిగి చూసుకుని, వెనక వచ్చే బస్సు ఎక్కవచ్చు.

మొదటి బస్సు వచ్చింది. సీట్లున్నాయి. కల్పలత ఎక్కలేదు.

"ఇది ఒద్దు. వెనుకది ఖాళీగ వస్తది" అంది.

"నీకెట్లా తెలుసు?"

"రష్ చూస్తే తెలుస్తలేదా?"

వెనకది వచ్చింది. ఖాళీగా ఏమీ లేదు. కానీ ఆమె గబగబా పై డెక్కుకు ఎక్కి నేరుగా ముందు సీటు దగ్గరకు వెళ్ళింది. ఆ సీటు మీద ఎవరో తువ్వాలు వేసి ఉంచారు. ఆమె దాన్ని తీసి, మడిచి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వేరేవాళ్ళ తువ్వాలు కదా అన్నాను. "అడిగితే ఇస్త" అంది. ఎవరూ అడగలేదు.

గైడు పిల్లకు ఇరవై, ఇరవై రెండు ఉంటాయి. ఎర్ర కోటు, ఛాతీ మీద శ్రీలేఖ అని పేరు. మైకులో ఊపిరి తీసుకోకుండా చెబుతుంది. హుస్సేన్‌సాగర్ గురించి చెబుతూ మా సీటు దగ్గర ఒకసారి తడబడింది. కొత్తగా చేరిందేమో.

సాలార్‌జంగ్ దగ్గర లేచాను. కల్పలత లేవలేదు.

"మీరు చూసి రాండ్రి. నాకు కాళ్ళు గుంజుతున్నయ్. నేను బస్సులనే ఒక రౌండు తిరిగొస్త."

"టికెట్టు పాస్‌లోనే ఉంది కదా!"

"ఉంటే ఉండనియ్యుండ్రి."

మ్యూజియం ఒక్కడినే చూశాను. గడియారంలోంచి బొమ్మ వచ్చి గంట కొట్టే వేళకు జనమంతా ఫోన్లు పైకెత్తారు. నాకు ఫోన్ల వెనక భాగాలు కనిపించాయి. బయటకు వచ్చి చాలాసేపు నిలబడ్డాక ఆమె బస్సు వచ్చింది. అదే బస్సు, అదే సీటు. కాళ్ళు గుంజుతున్న మనిషి ముఖంలా లేదు ఆమె ముఖం.

సాయంత్రం మోండా మార్కెట్. దువ్వెన కావాలంది. ఎవరినీ అడగకుండా రెండు మలుపులు తిరిగి ఒక ఫ్యాన్సీ షాపు ముందు ఆగింది. పట్నం సరిగా తెలియదని పెళ్ళికి ముందు చెప్పిన మనిషి.

"ఎట్లా తెలుసు?" అన్నాను.

"అన్ని మార్కెట్లు గిట్లనే ఉంటయ్."

కామారెడ్డి మార్కెట్ ఇట్లా ఉండదు.

నవంబర్ 11, మంగళవారం

ఈ రోజూ అదే బస్సు కోసం ఆగాం. తువ్వాలు ఈ రోజూ ఉంది. ఆమె ఈ రోజూ తీసి మడిచి కూర్చుంది.

ఇంటి నుంచి ఒక స్టీలు డబ్బా తెచ్చింది. రొట్టె, బెల్లం కలిపి చేసే మలీద ముద్దలు. దారిలో తిందామని చేసిందనుకున్నాను. నాకు ఒక్కటి పెట్టి మూత బిగించింది. ఈ రోజు దాన్ని సంచిలో వేసుకుని బస్సెక్కింది. చార్మినార్ దగ్గర నేను దిగాను, ఆమె దిగలేదు. సాయంత్రం లాడ్జిలో డబ్బా లేదు.

"బస్సుల మరిచిపోయిన."

"అడుగుదాం రేపు."

"పోనియ్యుండ్రి. డబ్బానే గదా."

టీ గ్లాసు పగిలితే రెండు రోజులు బాధపడే మనిషి.

చార్మినార్ పైకి మెట్లు సన్నగా, ఎత్తుగా ఉన్నాయి. ఇద్దరం కలిసి ఎక్కితే ఒకరి చేయి ఒకరు పట్టుకోవలసి వచ్చేది.

నవంబర్ 12, బుధవారం

నాకు అనుమానమేమీ లేదు.

అదే రోజు, రాత్రి

డబ్బా డ్రైవర్ దగ్గర ఉంది. ఈ రోజు నేను ముందు తలుపు దగ్గర ఎక్కాను కాబట్టి కనిపించింది. క్యాబిన్‌లో అద్దం కింద పెట్టుకున్నాడు. మా ఇంటి డబ్బానే. మూత మీద స్వర్ణ పేరు చెక్కి ఉంటుంది, పొరపాటు పడే అవకాశం లేదు. స్వర్ణ పేరున్న డబ్బా పరాయి మగవాడి దగ్గర.

యాభై దాటిన మనిషి. బలంగా ఉంటాడు. నెరిసిన మీసం, మెడలో చిన్న సిలువ. చొక్కా మీద రోనాల్డ్ అని ఉంది. కల్పలత ఎక్కుతుంటే తల ఊపాడు. నేను ఎక్కుతుంటే టికెట్టు మిషన్ వైపు చూశాడు.

కిందికి దిగి డబ్బా ఇవ్వమని అడగవచ్చు. అడగలేదు. అడిగితే దాచేస్తారు.

సాయంత్రం ఆమె ముఖం కడుక్కుంటుండగా ఫోన్ మోగింది. నేను చూడాలని చూడలేదు, మంచం మీద నా చేతి పక్కనే ఉంది. రోనాల్డ్. అంతే. ముందు ఏమీ లేదు, వెనక ఏమీ లేదు. మోగి ఆగిపోయింది. ఆమె వచ్చి చూసుకుని వరండాలోకి వెళ్ళింది. తిరిగి వచ్చాక ఎవరని అడిగాను.

"స్కూల్ల దోస్తు" అంది.

పెళ్ళిచూపుల రోజు గుర్తొస్తోంది. ఆమె మొదటి పెళ్ళి విడాకులతో ముగిసిందని మధ్యవర్తి చెప్పాడు. అంతకంటే నేను అడగలేదు. పెద్దమనిషి తరహా అనుకున్నాను. అడగవలసింది.

నవంబర్ 13, గురువారం

గోల్కొండ దగ్గర దిగుతున్నానని చెప్పాను. "నిమ్మళంగ చూసి రాండ్రి, పైదాకా ఎక్కుండ్రి" అంది. ఇంత ఉదారంగా నన్ను కోట ఎక్కిస్తున్న మనిషిని చూసి నవ్వు వచ్చింది. ముందు తలుపులోంచి దిగి వెనక తలుపులోంచి ఎక్కి, కింది డెక్కులో చివర కూర్చున్నాను. టోపీ పెట్టుకున్నాను. యాభై ఒక్క ఏళ్ళ వయసులో, నా సొంత పాస్‌తో ఎక్కిన బస్సులో దొంగలా.

పరేడ్ గ్రౌండ్ దగ్గర బస్సు ఖాళీ అయింది. నేను సీట్ల మధ్య వంగి ఉన్నాను. ఆమె మెట్లు దిగి వచ్చింది. డ్రైవర్ క్యాబిన్‌లోంచి బయటకు వచ్చాడు. ఇద్దరూ తలుపు దగ్గర నిలబడి మాట్లాడుకున్నారు. ఇంజను శబ్దంలో మాటలు సరిగా వినిపించలేదు. "నువ్వే ముందుగాల మాట్లాడాలె" అని అతను అనడం మాత్రం విన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అతను భుజం తట్టాడు.

ఎవరితో మాట్లాడాలి ఆమె? నాతోనే. నాతో మాట్లాడి తేల్చుకోమంటున్నాడు.

వాళ్ళిద్దరూ టీ కొట్టు వైపు వెళ్ళాక దిగాను. నేరుగా బస్సు కంపెనీ ఆఫీసుకు వెళ్ళాను. సూపర్‌వైజర్ పేరు ఓంప్రకాశ్. కుర్చీ వేసి, నీళ్ళు ఇచ్చి విన్నాడు. మీ డ్రైవర్ రోనాల్డ్ ఆడ ప్యాసింజర్లతో అతిచనువుగా ఉంటున్నాడని, ఒకామె భుజం మీద చేయి వేయడం కళ్ళారా చూశానని చెప్పాను.

"ఆ మేడం మీకు తెలుసా సార్?"

"తెలియదు. ఎవరో ప్యాసింజరు."

పరువు విషయం. అందుకే అట్లా చెప్పాను. అబద్ధమేమీ లేదు, ప్యాసింజరే కదా. పర్వతాలు అని నా పేరు, ఫోన్ నంబరు రాసుకున్నాడు.

మనసు తేలికపడింది. మొత్తానికి తేలికపడింది.

గోల్కొండ ఎట్లా ఉందని ఆమె అడిగితే, బాగుంది, చప్పట్లు కొడితే పైదాకా వినిపిస్తుంది అన్నాను. ఎవరో చెప్పుకుంటుంటే విన్న ముక్క.

నవంబర్ 14, శుక్రవారం

ఇది నెమ్మదిగా రాయాలి.

పొద్దున బస్సు వచ్చింది. డ్రైవర్ సీట్లో కొత్తవాడు. గైడు పిల్ల కళ్ళు ఉబ్బి ఉన్నాయి. కల్పలత ఒక కాలు మెట్టు మీద పెట్టి ఆగింది.

"రోనాల్డ్ అన్న రాలేదా?" అని కొత్తవాణ్ణి అడిగింది.

అన్న. ఈ వారంలో ఆ మాట వినడం ఇదే మొదటిసారి.

"ఎవరో ప్యాసింజర్ కంప్లైంట్ ఇచ్చిండంట మేడం. ఇంట్ల కూసోబెట్టిన్రు. ఇరవై ఏండ్ల సర్వీసు, ఒక్క మాట పడలే పాపం."

ఆమె కాలు వెనక్కి తీసుకుంది. పైనుంచి గైడు పిల్ల తొంగి చూసింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. బస్సు వెళ్ళిపోయింది. "తల నొస్తుంది, రూముకు పోదాం" అంది కల్పలత.

నేను స్నానానికి వెళ్ళాను. బయటకు వచ్చేసరికి నా ఫోన్ ఆమె చేతిలో ఉంది, అవతల ఓంప్రకాశ్ గొంతు గదంతా వినిపిస్తోంది. రోనాల్డ్ మీద సార్ ఇచ్చిన కంప్లైంటు రాసి సంతకం పెట్టాలి, పర్వతాలు గారు ఎప్పుడు వస్తారు అంటున్నాడు. "చెప్తా" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఏడవలేదు. అరవలేదు. మంచం మీద కూర్చుంది.

"నన్ను అడిగితే అయిపోతుండె గదా" అంది.

"అడిగితే చెప్పేదానివా?"

"చెప్పకపోతుంటి" అంది. "మీరు పెళ్ళిచూపులల్ల ఏమడిగిన్రో యాదికున్నదా?"

గుర్తుంది. గుర్తుంది కానీ మొన్న ఇక్కడ రాయలేదు. ఏమీ అడగలేదని రాశాను. అడిగాను. వెనకాల బరువు బాధ్యతలేమీ లేవు కదా అని అడిగాను. అవే మాటలు. వస్తువు కొనేవాడు అడిగినట్టు.

"ఏం లేవన్న. అది అబద్ధమా నిజమా నాకే తెల్వదు" అంది.

ఆ తర్వాత చెప్పింది. ఆమె చెప్పినట్టే రాస్తున్నాను.

"నా మొదటి ఇల్లు బొల్లారంల. ఆయనకు నేను రెండో ఆమెను. మొదటామె పోయింది, మూడేండ్ల పిల్ల ఉండె. పెండ్లయిన రోజే ఆ పిల్ల నా పక్కల పండుకున్నది. జడలేసిన, స్కూలుకు తోల్కపోయిన, అమ్మవారు పోస్తే నెల రోజులు ఒళ్ళె పెట్టుకున్న. నా కడుపుల ఇంకెవరూ పడలే, నాకు ఆ ఫికర్ సుత లేకుండె. పిల్లకు పదకొండేండ్లు వచ్చినంక ఆయన ఇంకొకామెను చూసుకున్నడు. కోర్టుకు పోయినం. జడ్జి పిల్లలెందరన్నడు. వకీలు లేరు సార్ అన్నడు. నేను పక్కనే నిలవడి ఉన్న."

"మరి పిల్ల?"

"ఆమె నాయినమ్మ వీరరాఘవమ్మ తీస్కపోయింది. స్కూలు గేటు కాడికి పోయి చూసొస్తుంటి. తెలిసి స్కూలు మార్పిచ్చింది. నీ పిల్లనా, ఏ హక్కుతోని వస్తున్నవన్నది. ఏం చెప్పాలె? ఇగ నిజామాబాద్ పోయి నౌకరీ చూసుకున్న."

రోనాల్డ్ వాళ్ళకు బొల్లారంలో పక్కింటివాడు. వీరరాఘవమ్మ పోయిన ఏడాది చనిపోయింది. తండ్రి పుణెలో కొత్త సంసారంతో ఉన్నాడు. పిల్ల ఇద్దరు దోస్తులతో యాప్రాల్‌లో గది తీసుకుని, రోనాల్డ్ నడిపే బస్సులోనే గైడుగా చేరింది. రోనాల్డ్ భార్య ఎక్కడో కల్పలత నంబరు సంపాదించి చెప్పింది.

"శ్రీలేఖ" అన్నాను.

"ఊరికె చూసి పోదామనుకున్న. గొంతు ఇనొచ్చు గదా, మైకుల. పాస్ ఉంటే ఎన్నిసార్లు తిరిగినా ఎవరూ ఏమనరు. ఆ పాస్ ఫోన్ల చూపిచ్చింది నేనే. మీరు యాదిమరిచిన్రు."

అవును. ఆమే చూపించింది. సగం ధర అనగానే అది నా ఆలోచన అయిపోయింది.

"నిన్న రోనాల్డ్ అన్న చెప్పిండు. నేనొచ్చినట్టు పిల్లకు తెలుసట. ముందుగాల నువ్వే మాట్లాడాలె అన్నడు. ఈ రోజు మాట్లాడుదామని ఒచ్చిన."

తప్పయిపోయింది అన్నాను. ఆ మాట గదిలో పడి అక్కడే ఉండిపోయింది. ఆమె అటు తిరిగి పడుకుంది. శుక్రవారం సాలార్‌జంగ్‌కు సెలవు. అది ఎందుకు రాస్తున్నానో తెలియదు.

నవంబర్ 15, శనివారం

ఆమె రానంటుందనుకున్నాను. నాకంటే ముందు తయారై కూర్చుంది.

ఓంప్రకాశ్ రోనాల్డ్‌ను పిలిపించాడు. డ్యూటీ ఎక్కడానికి వచ్చిన శ్రీలేఖ గుమ్మం దగ్గర ఆగిపోయింది. అందరి ముందూ చెప్పవలసి వచ్చింది.

"ఆ మేడం ఎవరో ప్యాసింజరు అని చెప్పాను. కాదు. ఈమె నా భార్య. ఈయన తప్పేమీ చేయలేదు. ఏదో నా కళ్ళు అట్లా..."

"కళ్ళేం జేసినయ్ సార్?" అంది శ్రీలేఖ గుమ్మంలోంచే. "మీరు జేసిన్రు."

"ఊకో బిడ్డా" అన్నాడు రోనాల్డ్. నా వైపు తిరిగి, "సార్, నిన్నంత ఇంట్ల కూసుంటే మా ఇంటామె బీరువాలన్ని జరిపిచ్చింది. నడుము పోయింది. జెర జల్ది బండెక్కనియ్యుండ్రి" అన్నాడు. చేయి చాచాడు. పట్టుకున్నాను. నవ్వలేకపోయాను.

ఓంప్రకాశ్ కంప్లైంటు కొట్టేశానని చెప్పి, ఇలాంటివి ఇంట్లో తేల్చుకుంటే బాగుంటుంది సార్ అన్నాడు. నిజమే.

కల్పలత శ్రీలేఖ ముందు నిలబడింది. ముందు ఆమే మాట్లాడాలి. పాస్ పసుపు తాడు వేలికి చుట్టుకుంది. ఆ పిల్ల ఎదురుచూసింది. ఇంకా ఎదురుచూసింది. చివరికి విసుగ్గా అంది.

"తువ్వాల ఎవరు ఏసిన్రనుకున్నవ్? రోనాల్డ్ అంకులా? సోమవారం నువ్వు వస్తున్నవని అంకుల్ చెప్పిండు. రోజూ నేనే ఏసిన. రోజూ మడతపెట్టి ఒళ్ళె పెట్టుకొని కూసుంటివి, ఒక్క మాటన్న అంటివా?"

"ఏమనాల్నో తెల్వలే బిడ్డా" అంది కల్పలత. "మలీద ముద్దలు తిన్నవా?"

"బెల్లం తక్కువైంది."

శ్రీలేఖ టైము చూసుకుంది. "ట్రిప్పుకు లేటైతుంది. ఎక్కు" అంది. అది నాకు చెప్పలేదు.

నేను రోడ్డు మీద ఆగిపోయాను. రోనాల్డ్ క్యాబిన్‌లోంచి తల బయటపెట్టి, "ఎక్కు సార్. పాస్ ఇంక నడుస్తది" అన్నాడు.

కింది డెక్కులో కూర్చున్నాను. పైకి వెళ్ళలేదు. పైన చెబుతున్నది కింద స్పీకరులో వినిపిస్తుంది. ట్యాంక్‌బండ్ అయింది, బిర్లా మందిర్ అయింది. అబిడ్స్ దాటాక, "మీకు ఎడమ చేతి వైపు కనిపించేది" అని గొంతు ఆగిపోయింది. మైకు ఆన్‌లోనే ఉంది, గాలి శబ్దం వస్తోంది. కింద ఉన్నవాళ్ళు స్పీకరు వైపు చూశారు. ఒక పెద్దాయన ఎడమ వైపు తొంగి చూసి, ఏముంది అక్కడ అని నన్ను అడిగాడు. తెలియదన్నాను. ఎవరో ముక్కు చీదిన శబ్దం. చాలాసేపటికి మళ్ళీ గొంతు వచ్చింది. "కుడి చేతి వైపు" అని, వెనక వదిలేసినదాన్ని అక్కడే వదిలేసి ముందుకు పోయింది.

పైన ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. రెండుసార్లు మెట్ల దాకా వెళ్ళాను. రెండుసార్లూ వెనక్కి వచ్చి కూర్చున్నాను. ఒకరోజులో మనిషి మారిపోడు.

గోల్కొండ దగ్గర బస్సు కొంచెంసేపు ఆగుతుంది. నేను దిగి గోడ నీడలో నిలబడ్డాను. శ్రీలేఖ ఒక్కతే నా దగ్గరకు వచ్చింది. కోటు విప్పి చేతి మీద వేసుకుంది. కోటు లేకపోతే ఇంకా చిన్నపిల్లలా ఉంది.

"సార్, ఒక మాట. మిమ్మల్ని నేను నమ్ముతలేను."

తల ఊపాను.

"మా అమ్మ మీ ఇంట్ల ఎట్లుంటది? ఆమె ఫోన్ చూస్తరా?"

"ఒకసారి చూశాను."

"ఎటుపోయినా ఎనుకబడి పోతరా?"

"ఒకసారి పోయాను."

"ఒకసారి, ఒకసారి." నన్ను పైనుంచి కిందికి చూసింది. ఈ వారమంతా నేను రోనాల్డ్‌ను చూసిన చూపు అట్లాగే ఉండి ఉంటుంది. "మీ నంబర్ ఇయ్యుండ్రి. నేను ఫోన్ చేస్తుంట. ఆమె ఎత్తకుంటే మీకు చేస్త. ఆమె గొంతు జెర మారినా నాకు తెలుస్తది. చిన్నప్పటి సంది ఇన్న గొంతు."

నంబరు చెప్పాను. అక్కడికక్కడే రింగ్ ఇచ్చి నా జేబులో మోగేదాకా చూసింది. నేను తప్పుడు నంబరు ఇస్తానేమోనని.

పోతూ పోతూ వెనక్కి తిరిగింది. "నేను అమ్మ అన్నట్టు ఆమెకు చెప్పకుండ్రి. నాకింక కోపం పోలే. ఇన్నేండ్లు ఎక్కడున్నవని అడిగిన, జవాబు సక్కగ లేదు. ఎప్పుడనాల్నో నేనే అంట."

సరే అన్నాను. మాట ఇచ్చాను.

కోట ఎక్కలేదు. ఆమె లేకుండా ఎక్కబుద్ధి కాలేదు.

నవంబర్ 16, ఆదివారం. కామారెడ్డి

రైల్లో రాయలేకపోయాను. ఇంటికి వచ్చాక రాస్తున్నాను.

పొద్దున స్టేషనుకు శ్రీలేఖ రాలేదు. డ్యూటీ ఉందట. ప్లాట్‌ఫారం మీద కల్పలత మెట్ల వైపే చూస్తూ ఉంది. వస్తానని చెప్పిందా అంటే, "రానని చెప్పింది. అయినా" అంది.

రైలు కదిలింది. ఎదురెదురు కిటికీ సీట్లు. శుక్రవారం నుంచి ఆమె నాతో అవసరమైనవే మాట్లాడుతోంది. నీళ్ళు, సంచి, తాళం. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. నేను అడగకుండా తెరిచి చూసిన పెట్టెలా తనను తాను మూసుకుని కూర్చుంది.

మల్కాజిగిరి దాటాక అడిగింది.

"గోల్కొండ కాడ పిల్ల మీతోని ఏం మాట్లాడింది?"

"నంబరు అడిగింది."

"ఇంకేం లేదా?"

ఇప్పుడు దాచినవాణ్ణి నేను. వారం రోజులు ఆమె ముఖంలో వెతికినది ఇప్పుడు నా ముఖంలో ఉండి ఉంటుంది. ఆమె చూసింది. కానీ ఆమె నాలా చేయలేదు. మళ్ళీ అడగలేదు. చెప్తే చెప్పు, లేకపోతే లేదన్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

ఆ పిల్లకు మాట ఇచ్చాను. ఈ వారంలో నేను ఎవరికైనా ఇచ్చిన మొదటి నిజమైన మాట అది. తప్పితే నన్ను ఎప్పటికీ నమ్మదు. తప్పకపోతే ఎదురుగా ఈమె. పదకొండేళ్ళుగా 'పిల్లలు లేరు సార్' అన్న వకీలు మాట మోస్తూ తిరిగిన మనిషి. నేను ఇంకోసారి అదే అడిగి, అదే అనిపించిన మనిషి.

"నన్ను నమ్మనంది" అన్నాను. "మా అమ్మ మీ ఇంట్ల ఎట్లుంటది అని అడిగింది."

కల్పలత కిటికీ ఊచ పట్టుకుంది.

"నీకు చెప్పొద్దంది. ఇంకా కోపం పోలేదట. ఎప్పుడనాలో తనే అంటుందట. నేను చెప్పానని తెలిస్తే నా పని అయిపోతుంది."

"ఏమన్నది?"

"కోపం పోలేదని..."

"అది కాదు. అంతకు ముందుగాల. మీ ఆమె అన్నదా, కల్పలత అన్నదా, ఏమన్నది?"

"మా అమ్మ అంది. మా అమ్మ మీ ఇంట్ల ఎట్లుంటది, అని."

పల్లీల వాడు మా మధ్యలోంచి దూరి వెళ్ళాడు. ఆమె కాళ్ళు పక్కకు తీసి, అతను పోయాక మళ్ళీ ముందుకు వంగింది.

"గట్లనే అన్నదా? మీరు కలుపుతలేరు గదా?"

"లేదు."

"నా మొకం చూసి చెప్పుండ్రి."

చూశాను. నన్ను నమ్మాలా వద్దా అని వెతుకుతోంది. వెతకనిచ్చాను. తల తిప్పుకోలేదు.

రైలు బొల్లారంలో ఆగింది. కొందరు దిగారు, కొందరు ఎక్కారు. ఆమె అటు చూడలేదు.

"ఇంకోసారి చెప్పుండ్రి" అంది.

ఇంకోసారి చెప్పాను.